నాలుగు వందల మంది వద్దు, నలుగురు చాలు

వాట్సాప్ గ్రూపులో రంగురంగుల పోస్టరు ఒకటి పడుతుంది. వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకుపోవడం అంటూ పెద్ద అక్షరాలు, కింద నలుగురు వక్తల ఫొటోలు, అడుగున జూమ్ లింకు, ఓ మూల ‘హాజరైన వారందరికీ ఈ-సర్టిఫికెట్’ అన్న హామీ. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు ఊపందుకున్న ఈ ధోరణి కాలేజీలు తెరిచాక కూడా ఆగలేదు. వేర్వేరుగా పుట్టినా కలిసి బతకాలని యువతకు చెప్పడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు మరి. హాలు అద్దె లేదు, బస్సు చార్జీలు లేవు, భోజనాల ఖర్చు లేదు. వక్త అమెరికాలో ఉన్నా అనకాపల్లిలో ఉన్నా ఒకటే. రెండు గంటల్లో ప్రసంగాలు అయిపోతాయి, ‘చాలా స్ఫూర్తిదాయకం’ అని పాతికమంది చాట్‌లో రాస్తారు, మైకులు మ్యూట్‌లో, కెమెరాలు ఆఫ్‌లో ఉండగానే సభ ముగుస్తుంది. నిర్వాహకుల చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు. అడగాల్సింది వేరే ప్రశ్న: ఇలాంటి చోట ఎవరైనా ఎవరినైనా కలుస్తున్నారా? వినడానికి నాలుగు వందల మంది వచ్చి ఉండొచ్చు. వాళ్లలో ఒకరు మరొకరితో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోతే, వైవిధ్యం గురించి విన్నారే తప్ప దాన్ని ఎదుర్కొన్నది లేదు. ఇంటర్నెట్‌లో మనుషులు నిజంగా దగ్గర కాలేరని కొందరు తేల్చేస్తుంటారు. ఆధారాలు చూస్తే ఆ మాట నిలవదు. తెర మీద కూడా మనసు మారుతుంది. కాకపోతే అది ప్రసంగాలతో మారదు, కొద్దిమంది కొన్ని వారాలపాటు ఒకే పని మీద కూర్చుంటే మారుతుంది.

మనుషులు కలిస్తే ద్వేషం తగ్గుతుందన్న ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చినవాడు హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్. ఆయన పుస్తకం ‘ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్’ 1954లో వచ్చింది. నల్లజాతి పిల్లలకూ తెల్లజాతి పిల్లలకూ వేర్వేరు ప్రభుత్వ బడులు నడపడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కూడా ఆ ఏడాదే. అయితే ఊరికే ఎదురుపడితే చాలని ఆల్‌పోర్ట్ ఎక్కడా అనలేదు. ఒకే ఊళ్లో తిరుగుతూ, ఒకరి పొలంలో ఒకరు పనిచేస్తూ కూడా తరాల తరబడి చిన్నచూపు చూడటం సాధ్యమేనని తెలుగు పల్లెలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కలిసిన చోట ఇరుపక్షాల హోదా సమానంగా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, అది ఒకరి సాయం లేకుండా మరొకరికి దక్కకూడదు, పైన ఉన్న అధికారం (బడి గానీ ప్రభుత్వం గానీ చట్టం గానీ) ఆ కలయికకు బాహాటంగా అండగా నిలవాలి అన్నాడాయన. ఆ తర్వాత అర్ధ శతాబ్దంలో ఈ ఆలోచన మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. 38 దేశాల్లో రెండున్నర లక్షల మందిపై జరిగిన 515 అధ్యయనాలవి. నూటికి 94 వాటిలో కలయిక ఎక్కువగా ఉన్నచోట విద్వేషం తక్కువగా కనిపించింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ద్వేషం తక్కువగా ఉన్నవాళ్లే ఎదుటివాళ్లతో ఎక్కువ కలుస్తారు కదా, ఏది కారణం, ఏది ఫలితం అని అడిగేవారు ఎప్పుడూ ఉన్నారు. ఆ అనుమానం న్యాయమైనదే. 2019లో ఎలిజబెత్ పాలక్, సేత్ గ్రీన్, డోనాల్డ్ గ్రీన్ ఈ రంగంలోని అధ్యయనాల గుట్టను గట్టిగా జల్లెడ పట్టారు. ఎవరు కలవాలో, ఎవరు కలవకూడదో చీటీ తీసినట్టు నిర్ణయించి, కనీసం ఒక రోజైనా ఆగి ఫలితం కొలిచిన ప్రయోగాలు మాత్రమే కావాలన్నారు. మిగిలినవి 27. వాటిలోనూ ప్రభావం కనిపించింది గానీ పాత లెక్కలు చెప్పినంత ఏకరీతిగా లేదు, జాతి వివక్ష విషయంలో కాస్త బలహీనంగానే ఉంది. పాతికేళ్లు దాటినవారిలో జాతి విద్వేషం మీద ఆ ప్రమాణానికి నిలిచిన ప్రయోగం వారికి ఒక్కటీ దొరకలేదు. అంటే మన దగ్గరున్న గట్టి ఆధారాల్లో చాలా భాగం పిల్లలకూ, యువతకూ సంబంధించినవే. యువత కోసం ఇలాంటి కార్యక్రమాలు పెట్టడంలో తప్పేమీ లేదు. పెట్టే తీరులోనే ఉంది చిక్కంతా.

తీరు ఎంత ముఖ్యమో తెలియాలంటే మన దేశంలోనే జరిగిన ఒక క్రికెట్ ప్రయోగం చూడాలి. ఆర్థిక శాస్త్రవేత్త మాట్ లోవ్ ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది యువకులను ఎంచుకుని, వారిలో కొందరితో లీగ్ మ్యాచులు పెట్టించాడు. కొందరిని తమ కులం వాళ్లే ఉన్న జట్లలో, కొందరిని కులాలు కలగలిసిన జట్లలో వేశాడు. ఎవరు ఎక్కడ అన్నది పూర్తిగా యాదృచ్ఛికం. 2021లో అచ్చయిన ఆ ఫలితాలు సూటిగా ఉన్నాయి. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య వేరే కులం స్నేహాలు పెరిగాయి, సొంత కులం వాడికే ఓటేసే పక్షపాతం తగ్గింది. అదే వేరే కులం వాళ్లను ప్రత్యర్థులుగా మాత్రమే ఎదుర్కొన్న చోట ఆ మేలు జరగలేదు సరికదా, దూరం పెరిగిన సందర్భాలే ఎక్కువ. అదే మైదానం, అదే బంతి, అవే కులాలు. ఎవరి పక్షాన నిలబడి ఆడారన్నదే తేడా తెచ్చింది. ఆన్‌లైన్ యువజన కార్యక్రమాల్లో బాగా ఇష్టమైన అంశం వాదోపవాద పోటీ. రిజర్వేషన్లు ఉండాలా వద్దా అని పద్దెనిమిదేళ్ల పిల్లలను రెండు వర్గాలుగా చీల్చి, న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టి, గెలిచినవారికి బహుమతి ఇస్తారు. వైవిధ్యం పేరుతో జరిగే ఆ పోటీ లోవ్ ప్రయోగంలో చెడు చేసిన సగాన్ని తెచ్చి తెర మీద పెట్టడమే. దానికి చప్పట్లు కూడా కొడతాం.

మైదానం సరే, తెర సంగతేమిటి? ఒకరి చెమట మరొకరికి తగలని చోట, చేతిలో చేయి వేయలేని చోట సాన్నిహిత్యం ఎలా పుడుతుంది? దీనికి ఆస్ట్రేలియా నుంచి మంచి జవాబు ఉంది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన ఫియోనా వైట్, ఆమె సహ పరిశోధకుడు హిషామ్ అబూ-రయ్యా మత పాఠశాలల్లో చదివే హైస్కూలు పిల్లలను ఎంచుకున్నారు. ముస్లిం బడిలో అంతా ముస్లింలే, క్యాథలిక్ బడిలో దాదాపు అంతా క్రైస్తవులే కావడంతో ఒకరినొకరు కలిసే అవకాశం మామూలుగా ఉండదు. ఇద్దరు ముస్లింలు, ఇద్దరు క్రైస్తవులు చొప్పున చిన్న చిన్న బృందాలు చేసి, కొన్ని వారాలపాటు ఇంటర్నెట్ చాట్‌లో ఒక ఉమ్మడి పని అప్పగించారు. ఆస్ట్రేలియా పర్యావరణాన్ని కాపాడటానికి తమ తమ మతాల్లోని విలువలు ఎలా పనికొస్తాయో చర్చించి, నలుగురూ కలిసి ఒక పరిష్కారం తయారు చేయాలి. వీడియో కూడా లేదు, వట్టి టైపింగే. తమ మతం వాళ్లతోనే చాట్ చేసిన పిల్లలతో పోలిస్తే వీరిలో ఎదుటి వర్గంపై పక్షపాతం తగ్గింది. ఆ తగ్గుదల ఏడాది తర్వాత కొలిచినా ఇంకా ఉంది. ఇదే పద్ధతిని ఉత్తర ఐర్లాండ్‌లో క్యాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య ప్రయత్నించినప్పుడు కూడా ఎదుటివాళ్లను తలచుకుంటే కలిగే బెరుకు తగ్గింది.

బెరుకు అన్నది ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద పాత్రధారి. ద్వేషం కంటే ముందు ఉండేది అదే. ఏం మాట్లాడితే తప్పవుతుందో, ఎక్కడ నవ్వులపాలవుతామో, వాళ్లు మనల్ని ఏమనుకుంటారో అన్న భయంతోనే చాలామంది వేరే వర్గం వాళ్ల పక్కన కూర్చోరు. మొదటి అడుగు వేయడానికి తెర తోడ్పడుతుంది: తన ఇంట్లో, తన బడిలో, తనకు అలవాటైన చోట కూర్చుని మాట్లాడొచ్చు, ఆలోచించుకుని టైప్ చేయొచ్చు, బట్టల ఖరీదు ఎవరికీ కనబడదు. పరిశోధకులు యాయిర్ అమిఖాయ్-హాంబర్గర్, కేట్లిన్ మెకెన్నా 2006లోనే ఈ వాదన చేశారు. అంతకు ముందే దీన్ని ఆచరణలో పెట్టినవారూ ఉన్నారు. ఉత్తర ఐర్లాండ్‌లో కుదిరిన 1998 శాంతి ఒప్పందం తర్వాత, 1999లో, ఐర్లాండ్‌లోని బడులనూ ఉత్తర ఐర్లాండ్‌లోని బడులనూ జత కలిపే ‘డిసాల్వింగ్ బౌండరీస్’ కార్యక్రమం మొదలైంది. రెండు ప్రభుత్వాల విద్యాశాఖలూ డబ్బు పెట్టాయి. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు తరగతులు వీడియో కాన్ఫరెన్సుల్లో కలిసి ఒకే ప్రాజెక్టు చేసేవి, అది కూడా మామూలు పాఠాల్లో భాగంగా. 2014 దాకా నడిచింది. అందులో శాంతి గురించి ఉపన్యాసాలు తక్కువ, పాఠాల పని ఎక్కువ. ఆల్‌పోర్ట్ అడిగిన నాలుగూ అక్కడ ఉన్నాయి.

తెర మీద పేర్లు, ముఖాలు దాచేయొచ్చు కాబట్టి అసలు ఎవరు ఏ వర్గమో తెలియకుండా కలిపేస్తే ఇంకా మంచిది కదా అనిపించవచ్చు. మంచి మనసుతో వచ్చే ఆలోచనే గానీ అది పనిచేయదు. ఎదుటివాడు ఎవరో తెలియకుండా వాడితో స్నేహం కుదిరితే, ఆ మంచి అభిప్రాయం వాడొక్కడికే అంటుకుంటుంది. వాడి వర్గం గురించి మన తలలో ఉన్న బొమ్మ చెక్కుచెదరదు. పరిశోధకులు మైల్స్ హ్యూస్టన్, రూపర్ట్ బ్రౌన్ 1986లోనే ఈ సంగతి చెప్పారు: తేడా కనిపిస్తూ ఉండగానే సహకారం జరగాలి. ఆస్ట్రేలియా ప్రయోగంలో పిల్లలు ముస్లింలుగా, క్రైస్తవులుగానే మాట్లాడారు. దానితోపాటు ఆస్ట్రేలియన్లు అన్న రెండో గుర్తింపు వాళ్లను కలిపింది. మన దగ్గర అయితే దాపరికానికి అసలు వీలే తక్కువ. ఇంటిపేరు వినగానే, జిల్లా తెలియగానే, రెండు వాక్యాలు మాట్లాడగానే ఎదుటివాడు ఎవరో అంచనా వేసే నేర్పు ఇక్కడ చాలామందికి చిన్నప్పుడే అబ్బుతుంది. పైకి ఎవరూ అడగరు, లోపల అందరూ లెక్కేసుకుంటారు. కులం మాటెత్తకపోతే కులం పోతుందన్న నమ్మకం కులం వల్ల ఇబ్బంది పడనివారికే ఎక్కువగా ఉంటుందన్నది గమనించదగ్గ విషయం. అలాగని పిల్లవాణ్ణి నిలబెట్టి నీ కులమేమిటో చెప్పమనడం క్రూరత్వం. చెప్పాలో వద్దో, ఎంత చెప్పాలో వాడి ఇష్టానికే వదలాలి. ఒక్కో వర్గం నుంచి ఇద్దరిద్దరు చొప్పున ఉండటం కూడా అవసరం. పదిమందిలో ఒక్కడే దళిత విద్యార్థి, ఒక్కతే ట్రాన్స్ అమ్మాయి, ఒక్కడే చూపులేని కుర్రాడు ఉంటే వాళ్లు ఆ బృందంలో సభ్యులుగా మిగలరు, నమూనాలైపోతారు. ప్రతి ప్రశ్నకూ తమ వర్గం మొత్తం తరఫున జవాబు చెప్పాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది.

ఎవరు మాట్లాడాలి, ఎవరు వినాలి అన్న ప్రశ్నకు కూడా ఇలాంటి కార్యక్రమాలు తొందరపాటు జవాబు ఇస్తుంటాయి. ఇద్దరికీ సమానంగా సమయం ఇస్తే న్యాయం జరిగినట్టేనని అనుకుంటాం. ఎమిల్ బ్రూనో, రెబెకా సాక్స్ 2012లో ప్రచురించిన ప్రయోగం ఈ లెక్కను తలకిందులు చేసింది. అరిజోనాలో మెక్సికో నుంచి వచ్చిన వలసదారులనూ శ్వేతజాతి అమెరికన్లనూ, మరోచోట పాలస్తీనీయులనూ ఇజ్రాయెలీలనూ వారు ఇంటర్నెట్ ద్వారా జత కలిపారు. ఒకరు తమ సమాజం పడే కష్టాన్ని చెప్పాలి. రెండోవారు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి, అంతే, జవాబివ్వకూడదు, వాదించకూడదు. బలం ఉన్న వర్గం వాళ్లకు ఎదుటివారి కష్టం విని తిరిగి చెప్పినప్పుడు వైఖరి మెరుగుపడింది. బలం లేని వర్గం వాళ్లకు వినడం వల్ల అంత మేలు జరగలేదు. తమ మాట ఎదుటివాడు విన్నాడని రుజువు దొరికినప్పుడే వాళ్ల వైఖరి మారింది. దీన్నిబట్టి చూస్తే, ఎప్పుడూ విననివాడికి వినే అవకాశం, ఎప్పుడూ మాట దక్కనివాడికి మాట ఇవ్వడమే అసలు సమానత్వం. వేదిక మీద పేరున్న వక్త వైవిధ్యం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, చివర ఐదు నిమిషాలు ప్రశ్నలకు వదిలితే దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది జరుగుతుంది.

ఇప్పటిదాకా వచ్చిన అభ్యంతరాల కంటే పదునైనది ఒకటుంది. అది సనాతనుల దగ్గర నుంచి వచ్చేది కాదు, హక్కుల కోసం పోరాడేవారి దగ్గర నుంచి వచ్చేది. స్నేహాలు కుదిరి, నవ్వుతూ ఫొటోలు దిగితే అన్యాయం ఆగిపోతుందా? అణగారినవారి కోపాన్ని చల్లార్చడానికి ఇదొక తియ్యని మందు కాదా? దీనికి ఆధారం లేదని కొట్టిపారేయలేం. తమార్ సగీ, నికోల్ టౌష్, జాన్ డోవిడియో, ఫెలీషియా ప్రాట్టో 2009లో ప్రచురించిన పరిశోధనలో రెండు వర్గాలు తమ మధ్య ఉన్న పోలికల గురించే కబుర్లు చెప్పుకున్నప్పుడు బలహీన వర్గం మనసు మెత్తబడింది, బలమైన వర్గం తమకు న్యాయం చేస్తుందని ఆశ పెట్టుకుంది. తీరా వనరులు పంచే వేళకు బలమైన వర్గం మాత్రం ఎప్పటిలాగే తనకే ఎక్కువ ఉంచుకుంది. సామరస్యం ఒకవైపు నిజంగానే కళ్లకు గంతలు కట్టింది. అందుకని కలవడం మానేయాలా? మానేస్తే బలమైన వర్గం పంచే తీరు ఏమీ మారదు, పైగా దాన్ని ప్రశ్నించేవాడి ముఖం కూడా వాళ్లకు తెలియకుండా పోతుంది. అదే పరిశోధన మరో సంగతి కూడా చూపిస్తోంది: కబుర్లు ఉమ్మడి అంశాలకే పరిమితమైతే ప్రమాదం. మన వంటలు, మన పండుగలు, మనమంతా ఒకటే అన్న పాటతో మొదలై దానితోనే ముగిసే కార్యక్రమాలు ఈ గుంటలోనే పడతాయి. తేడాల గురించి, ఎవరికి ఏం దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదాని గురించి బృందం మాట్లాడితేనే ఆ కలయికకు అర్థం ఉంటుంది. ఉమ్మడి పనిని ఎంచుకునేటప్పుడే ఈ జాగ్రత్త పడొచ్చు. ఊళ్లో మంచినీళ్ల కుళాయిలు ఏ వీధిలో ఉన్నాయి, ఏ వీధిలో లేవు అని నలుగురు కలిసి పటం గీస్తే కబుర్లు వాటంతట అవే నిజంలోకి దిగుతాయి.

మన దగ్గర ప్రభుత్వమే నడిపే కార్యక్రమం ఒకటి ఇక్కడ గుర్తుకు రావాలి. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ను 2015 అక్టోబర్ 31న, సర్దార్ పటేల్ జయంతి నాడు ప్రకటించారు. రాష్ట్రాలను జతలుగా చేశారు: ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా. లాక్‌డౌన్ రోజుల్లో ఈ జతల కార్యక్రమాలు చాలావరకు ఆన్‌లైన్‌కు మారాయి. భాషలో నాలుగు మాటలు నేర్చుకోవడం, ఆట, పాట, వంట, వేషధారణ. అందులో చెడ్డదేమీ లేదు. అయితే తెనాలి కుర్రాడికీ లూధియానా కుర్రాడికీ మధ్య తగవేదీ లేదు, కాబట్టి తీరాల్సిందీ ఏమీ లేదు. దూరపు తేడా ముచ్చటగా ఉంటుంది, దగ్గరి తేడా గుచ్చుకుంటుంది. ఊరికీ పేటకీ మధ్య, తండాకీ పట్నానికీ మధ్య, ఒకే కాలేజీలో ఇంగ్లిష్ మీడియం నుంచి వచ్చినవారికీ తెలుగు మీడియం నుంచి వచ్చినవారికీ మధ్య ఉన్న గోడ మీద పని చేయాలంటే పంజాబ్ దాకా వెళ్లక్కర్లేదు. విదేశాల్లో ఈ తరహా కార్యక్రమాలకు ఊపిరి పోసింది కూడా ముచ్చట కాదు, గాయం. లిబియాలోని బెంఘాజీలో 2012లో హతుడైన అమెరికా రాయబారి క్రిస్ స్టీవెన్స్ జ్ఞాపకార్థం 2015లో స్టీవెన్స్ ఇనిషియేటివ్ పుట్టింది. అది అమెరికా యువతనూ పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా యువతనూ ఆన్‌లైన్‌లో కలుపుతుంది. పారిస్‌లో 2015 జనవరి దాడుల తర్వాత ఐరోపా విద్యామంత్రులు చేసిన ప్రకటన నేపథ్యంలో, 2018లో ఎరాస్మస్+ వర్చువల్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. మధ్యధరా సముద్రానికి అటూ ఇటూ ఉన్న 25 వేల మంది యువతను రెండేళ్లలో చేరుకోవాలన్నది లక్ష్యం. పెద్ద అంకె చూసి పెద్ద సభ అనుకోకూడదు. 2003 నుంచి ఈ పని చేస్తున్న సోలియా వంటి సంస్థల పద్ధతి చూస్తే పది మంది చుట్టూ ఉండే బృందం, వారానికోసారి కలయిక, వారాల తరబడి అదే మనుషులు, మాట ముదిరినప్పుడు పట్టు తప్పకుండా చూసే శిక్షణ పొందిన సంధానకర్తలు. ఖర్చు పెట్టాల్సింది ఆ సంధానకర్తల మీదే. ఆన్‌లైన్ అంటే ఉచితం అనుకునేవారు మొదట కోత పెట్టేది కూడా సరిగ్గా అక్కడే.

ఇంత చేసినా ప్రభావం ఎంతదూరం పాకుతుందన్నది వేరే సంగతి. ఇరాక్‌లో ఐసిస్ చేతిలో ఇళ్లు కోల్పోయిన క్రైస్తవులతో పరిశోధకురాలు సల్మా మూసా ఫుట్‌బాల్ లీగ్ నడిపించింది. కొన్ని జట్లలో ముస్లింలను కలిపింది. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, కలిసి ఆడిన క్రైస్తవులు ఆరు నెలల తర్వాత కూడా ముస్లింలతో సాధన చేస్తున్నారు, వేరే జట్టులోని ముస్లిం ఆటగాడికి క్రీడాస్ఫూర్తి బహుమతికి ఓటేశారు. కానీ ముస్లింలు ఎక్కువగా ఉండే మోసుల్‌లోని రెస్టారెంటుకు వెళ్లడానికి మాత్రం మిగతావారి కంటే ఎక్కువ మంది ముందుకు రాలేదు. మైదానంలో పుట్టిన నమ్మకం చాలామేరకు మైదానం దగ్గరే ఆగింది. ఆన్‌లైన్ బృందానికీ ఇదే హద్దు ఉంటుందని ముందే ఒప్పుకోవడం మంచిది. ఇల్లు తగలబెట్టించుకున్న మనిషి ఒక సీజన్ ఆటతో ఆ భయం మరిచిపోవాలని ఆశించడమే అత్యాశ.

అసలు తెర దాకా రాగలిగేది ఎవరు? అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసువారిని ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లు నూటికి 49 మంది దాకా అవునన్నారు, ఆడవాళ్లు 21 మందే. తెలంగాణలో మగవాళ్లు 57, ఆడవాళ్లు 26. కోవిడ్‌కు ముందటి లెక్కలివి, ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. అయినా ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే అది ముందు ఎవరి చేతికి వెళ్తుందో, ఆడపిల్ల రాత్రి ఎనిమిదింటికి ఫోను పట్టుకుని ఎవరితోనో మాట్లాడుతుంటే ఇంట్లో ఏమంటారో చెప్పనక్కర్లేదు. అందరినీ కలుపుకుపోవాలని పెట్టిన సభ లింకు దగ్గరే చాలామందిని వదిలేస్తోంది. పోస్టరునే తీసుకోండి. దాన్ని ఫొటోగా పంపిస్తారు, చూపులేనివారి ఫోనులోని స్క్రీన్ రీడర్ ఫొటోలోని అక్షరాలను సరిగా చదవలేదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు పత్రమైతే అది చదివి వినిపించేది అర్థంలేని గోలే, యూనికోడ్‌లో ఉంటేనే అది తెలుగు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అయినా సైగల భాషలో చెప్పేవారు ఒక్కరు కూడా లేకుండా వైవిధ్య సభలు జరిగిపోతూనే ఉన్నాయి. ఇక భాష. వక్తలు, శ్రోతలు అందరూ తెలుగువాళ్లే అయినా సభ ఇంగ్లిష్‌లో నడుస్తుంది, హోదా సమానంగా ఉండాలన్న మొదటి షరతు అక్కడే వీగిపోతుంది. వీటిలో ఏదీ తీరని సమస్య కాదు. ఇంటి ఫోను మీద కాక బడి కంప్యూటరు గదిలో, బడి వేళల్లో, తెలుగులో పెడితే సగం చిక్కు పోతుంది. ఆస్ట్రేలియా పిల్లలు వీడియో లేకుండానే పని చేశారు కాబట్టి నెట్ వేగం కూడా అంత పెద్ద అడ్డంకి కాదు.

బడి వేళల్లో పెట్టడానికి మరో బలమైన కారణం కూడా ఉంది. ఐచ్ఛికంగా పెట్టే ఏ కార్యక్రమానికైనా ఇప్పటికే ఆ భావాలున్నవారే వస్తారు. రావాల్సినవాడు రాడు. టైంటేబుల్‌లో ఉంటే అందరూ వస్తారు, ఎవరి మనసు ఎలా ఉన్నా. ఒక సాంఘిక సంక్షేమ గురుకులంలోని తొమ్మిదో తరగతినీ, అదే జిల్లాలోని ఒక ప్రైవేటు బడి తొమ్మిదో తరగతినీ ఒక టర్మ్ పాటు జత చేసి, ఇద్దరిద్దరు చొప్పున నలుగురి బృందాలకు సామాన్య శాస్త్రంలోనో సాంఘిక శాస్త్రంలోనో ఒకే ప్రాజెక్టు ఇచ్చి, నలుగురికీ ఒకే మార్కు వేస్తే సరిపోతుంది. కొత్త పథకం అక్కర్లేదు, కొత్త యాప్ అంతకన్నా అక్కర్లేదు. ఫలితం కొలవాలనుకుంటే హాజరు పట్టీ చూడకుండా, టర్మ్ అయిపోయిన ఆరు నెలలకు ఆ నలుగురిలో ఎవరి దగ్గర ఎవరి నంబరు ఉందో, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అడిగితే చాలు.

దీనికి అడ్డుపడేది పిల్లలు కాదు, ప్రైవేటు బడి తల్లిదండ్రులు. మా పిల్లల చదువు దెబ్బతింటుందని వాళ్లు అంటారు. ఆ భయానికి ఢిల్లీలో జవాబు ఉంది. 2007లో అక్కడి ప్రైవేటు బడులు పేద పిల్లలకు కొన్ని సీట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆ మార్పు సంపన్న పిల్లల మీద చూపిన ప్రభావాన్ని ఆర్థిక శాస్త్రవేత్త గౌతమ్ రావు పరిశీలించి 2019లో ప్రచురించాడు. పేద సహపాఠీలున్న పిల్లలు ఇతరులకు పంచడంలో ముందున్నారు, రిలే పరుగుకు జట్టు ఎంచుకునేటప్పుడు పేద పిల్లవాడన్న కారణంతో వేగంగా పరుగెత్తేవాణ్ణి వదులుకోవడం తగ్గింది, పేద పిల్లలతో ఆడుకోవడానికి ఇష్టపడ్డారు. కొన్ని బడుల్లో చదువు బృందాలను పేర్ల అక్షర క్రమంలో వేసేవారు. దానివల్ల కొందరు సంపన్న పిల్లలూ పేద పిల్లలూ ఒకే గదిలో ఉండటమే కాక ఒకే బృందంలోనూ పడ్డారు. మార్పు ఎక్కువగా కనిపించింది అలా బృందంలో కలిసినవారిలోనే. మార్కుల విషయానికొస్తే ఇంగ్లిష్‌లో కాస్త తగ్గుదల కనిపించింది, మొత్తం మీద చదువు మీద ప్రభావం స్వల్పమే. ఆ కాస్త తగ్గుదలను కూడా దాచకుండా, మిగతా ఫలితాలతోపాటు తల్లిదండ్రుల సమావేశంలో ఉన్నదున్నట్టు చదివి వినిపించి, అప్పుడు అంగీకారం అడగాలి.